పసిబిడ్డకు తొలి ధాన్యాహారము: తీపి తగ్గించి బలము పెంచు విధానము

నారుమడిలో నారు ఏపుగా ఉన్నదో లేదో చూచిగాని ఏ రైతూ ఊడ్పులకు దిగడు. నారు పీలగా ఉన్నచో, తరువాత ఎన్ని బస్తాల ఎరువు వేసినను ఆ లోటు పూర్తిగా తీరదని అనుభవముగల ప్రతి రైతుకును తెలియును. ఇంటిలోని పసిబిడ్డ విషయమును ఇట్టిదే. ఆరు నెలలు నిండినది మొదలు రెండు సంవత్సరములు వచ్చువరకు గల పదునెనిమిది నెలలు బిడ్డకు నారుమడి కాలము వంటివి. ఆ కాలమున ఏమి తినిపించితిమి, ఎంత తినిపించితిమి, ఎట్లు తినిపించితిమి అనుదానినిబట్టి బిడ్డ ఎదుగుదల ఆధారపడియుండును.

ఈ విషయమున మన పరిస్థితి తృప్తికరముగా లేదు. 2019-21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, ఆరు నెలలు మొదలు అయిదేండ్లలోపు పిల్లలలో రక్తహీనత గలవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 63 మంది, తెలంగాణలో నూటికి 70 మంది. ఆరు నెలలు మొదలు రెండేండ్లలోపు పిల్లలలో తగినంత ఆహారము పొందుచున్నవారు దేశము మొత్తము మీద నూటికి 11 మంది మాత్రమే. ధాన్యము పండించు ఇండ్లలోని పిల్లలును ఈ లెక్కలో ఉన్నారు.

మన గ్రామములలో తరచుగా జరుగునది ఇది. కళ్ళములోని రాగులను బస్తాకెత్తి సంతలో అమ్ముదుము. ఆ వచ్చిన డబ్బులో కొంత పెట్టి పట్టణమునుండి బిడ్డకు తీపి పిండి పెట్టె కొని తెత్తుము. పెట్టె మీద రాగి కంకి బొమ్మ కూడ ఉండవచ్చును. కాని ఆ పిండిలో రాగులతోపాటు చక్కెర ఎంత ఉన్నదో చూచువారు తక్కువ. మన ఇంటి గింజతో బిడ్డకు తగిన ఆహారము తయారుచేయుట ఎట్లు, పెట్టె కొనవలసివచ్చినప్పుడు దానిని పరీక్షించుట ఎట్లు అను రెండు విషయములు ఈ పాఠమున తెలిసికొందము.

ఎప్పుడు మొదలుపెట్టవలెను?

ఆరు నెలలు, అనగా 180 దినములు నిండువరకు బిడ్డకు తల్లిపాలు తప్ప మరేదియు, మంచినీరు సహితము, అక్కరలేదు. ఆరు నెలలు నిండిన పిమ్మట తల్లిపాలు మాత్రమే చాలవు. మన పెద్దలు ఆరవ నెలలో అన్నప్రాశన చేయు ఆచారమును ఏర్పరచినది ఇంచుమించు ఈ సమయముననే. అయితే అన్నప్రాశన నాడు రెండు మెతుకులు నోటికి అందించి, తరువాత రెండు మూడు నెలలు మరల పాలతోనే సరిపెట్టు ఇండ్లు కలవు. ఇది సరికాదు. మొదలుపెట్టిన దినమునుండి ప్రతిదినము పెట్టుచు, క్రమముగా పెంచవలెను. తల్లిపాలను మానిపింపరాదు, రెండేండ్లవరకు, ఆ పైనను ఇచ్చుట మంచిది. కొత్త ఆహారము తల్లిపాలకు తోడేగాని బదులు కాదు.

తల్లిపాలు త్రాగుచున్న బిడ్డకు, ఆ పాలుగాక బయటి ఆహారమునుండి రావలసిన శక్తి ఆరు మొదలు ఎనిమిది నెలల వయస్సులో దినమునకు సుమారు 200 కేలరీలు. తొమ్మిది మొదలు పదకొండు నెలలలో 300. సంవత్సరము దాటిన పిమ్మట 550. కాని బిడ్డ కడుపు చిన్నది. ఎనిమిది కిలోల బిడ్డ కడుపులో ఒకసారికి పట్టునది సుమారు ఒక గ్లాసుడు మాత్రమే. కావున ఆ గ్లాసులో నీరు ఎక్కువగా ఉన్నచో కడుపు నిండును గాని బలము రాదు. చక్కెర ఎక్కువగా ఉన్నచో కేలరీలు వచ్చును గాని మాంసకృత్తులు, సున్నము, ఇనుము రావు. ఈ రెండు లోపములను తప్పించుటయే మన పని.

తీపి ఎందుకు వద్దు?

మొదటిది, చక్కెరలో తీపి తప్ప పోషక పదార్థము లేదు. చిన్న కడుపులో దానికి చోటిచ్చిన కొలది పప్పునకు, ఆకుకూరకు, గ్రుడ్డునకు చోటు తగ్గును. పైరు మొక్కకు అందవలసిన నీటిని, ఎరువును కలుపు మొక్క లాగికొన్నట్లే ఇది జరుగును.

రెండవది, పాలపండ్లు సాధారణముగా ఆరవ నెల ప్రాంతమున మొలచుట మొదలగును. తీపి పిండి పంటికి అంటుకొని ఉన్నచో, నోటిలోని సూక్ష్మజీవులు దానిని ఆమ్లముగా మార్చి పంటిని తినివేయును. పాలపండ్లు ఎటులైన ఊడిపోవునవే గదాయని ఉపేక్షింపరాదు. పుచ్చిన పంటితో బిడ్డ నమలలేదు, సరిగా తినలేదు.

మూడవది, రుచి అలవాటగునది ఈ వయస్సుననే. మొక్కై వంగనిది మానై వంగునా అను సామెత ఇచట అక్షరాల వర్తించును. తీపికి అలవాటుపడిన బిడ్డ పప్పన్నమును, కూరను ఉమ్మివేయును. తరువాత ఆ ఇంటిలో ప్రతి భోజనమును ఒక పోరాటమే.

ఈ కారణములచేతనే రెండేండ్లలోపు పిల్లల ఆహారమున చక్కెర చేర్చవద్దని వైద్యులు, పోషకాహార నిపుణులు చెప్పుచున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఈ వయస్సు పిల్లల ఆహారమును గూర్చి వెలువరించిన సూచనలలో, చక్కెర ఎక్కువగా గల పదార్థములను, తీపి పానీయములను పెట్టరాదని పేర్కొన్నది.

“బెల్లమైతే మంచిదే గదా?” అని చాలమంది అడుగుదురు. బెల్లములో కొద్దిపాటి ఖనిజములున్న మాట నిజమే. కాని అందులో అత్యధిక భాగము చక్కెరయే. పంటికిని, రుచికిని బెల్లము చేయునది పంచదార చేయునదే. తాటిబెల్లము, పటికబెల్లము సంగతియు అంతే. తేనె విషయమున మరింత జాగ్రత్త అవసరము. సంవత్సరములోపు బిడ్డకు తేనె నాకించుట ప్రమాదకరము. తేనెలో ఉండదగిన ఒక జాతి సూక్ష్మజీవి బీజములు పసిబిడ్డ ప్రేగులలో పెరిగి, కండరములను చచ్చుబడచేయు విషమును పుట్టించగలవు. పుట్టిన బిడ్డకు తేనె నాకించు ఆచారమును ఈ కారణముచేత విడిచిపెట్టవలెను.

ఏ ధాన్యము మంచిది?

మన నేలలో పండు ధాన్యములన్నియు పనికివచ్చునవే. అయినను వాని గుణములలో భేదము కలదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారము నూరు గ్రాముల రాగులలో సున్నము, అనగా కాల్షియము, సుమారు 364 మిల్లీగ్రాములు కలదు. అదే నూరు గ్రాముల తెల్లబియ్యములో పది మిల్లీగ్రాములు కూడ లేదు. నూరు గ్రాముల ఆవుపాలలో 118 మిల్లీగ్రాములు కలదు. ఎముకలు, పండ్లు ఏర్పడుచున్న వయస్సున రాగులు ఎంత విలువైనవో దీనివలన గ్రహింపవచ్చును. ఉత్తరాంధ్రలో చోళ్ళు అన్నను, తెలంగాణలో తైదలు అన్నను, రాయలసీమలో రాగులు అన్నను గింజ ఒక్కటే.

రాగులలో ఇనుము నూరు గ్రాములకు నాలుగున్నర మిల్లీగ్రాములు, సజ్జలలో ఆరు మిల్లీగ్రాముల పైచిలుకు ఉండును. జొన్నలో మాంసకృత్తులు సుమారు పది గ్రాములు. బియ్యము తేలికగా జీర్ణమగును గాని, బాగుగా మరపట్టిన తెల్లబియ్యములో తవుడుతోపాటు ఖనిజములును, విటమినులును పోవును. కాబట్టి బియ్యము ఒక్కదానితోనే సరిపెట్టక, రాగులతోగాని జొన్నలతోగాని మార్చి మార్చి పెట్టుట మేలు.

ఏ ధాన్యమైనను ఒంటరిగా చాలదు. ధాన్యములలోని మాంసకృత్తులలో లైసిన్ అను భాగము తక్కువ. పప్పులలో అది ఎక్కువ. పప్పులలో కొరవడిన మెథియోనిన్ ధాన్యములలో ఉన్నది. రెండును కలిపినచో ఒకదాని లోటును మరియొకటి తీర్చును. జొన్నలో కందిని అంతరపంటగా వేసినచో రెండింటికిని మేలు జరుగునట్లు, బిడ్డ గిన్నెలోను ఈ పొత్తు అవసరము. నాలుగు పాళ్ళ రాగులకు ఒక పాలు పెసలు కలిపినచో, నూరు గ్రాముల పిండిలో మాంసకృత్తులు ఏడు గ్రాములనుండి సుమారు పది గ్రాములకు పెరుగును.

మొలకెత్తించుటలోని రహస్యము

రాగిపిండిని ఉడికించినప్పుడు అది నీటిని పీల్చికొని చిక్కబడును. బిడ్డ మ్రింగలేదని తల్లి మరికొంత నీరు పోయును. చివరకు గిన్నెలో మిగులునది నీళ్ళజావయే. కడుపు నిండినను బిడ్డకు చాలినంత శక్తి రాదు. ఈ చిక్కును తీర్చు ఉపాయము మొలకలో ఉన్నది.

విత్తనము నీరు పీల్చి మేల్కొనగానే అందులో అమైలేజు అను ఎంజైము పుట్టును. గింజలో నిలువయున్న పిండిపదార్థమును అది చిన్నచిన్న ముక్కలుగా విడగొట్టి మొలకకు ఆహారముగా అందించును. ఇట్లు మొలకెత్తిన గింజను ఎండబెట్టి పిండి చేసినచో, ఆ పిండితో కాచిన జావ పలుచగా ఉండును. అనగా అంతే నీటిలో ఎక్కువ పిండి వేసినను బిడ్డ మ్రింగగలదు. ఒక్క గిన్నెలో ఎక్కువ బలము పట్టును. పిండిపదార్థము విడిపోవుటవలన సహజమైన కమ్మని తీపి కూడ కొంత వచ్చును గనుక, పైన చక్కెర వేయవలసిన పని ఉండదు. అంతేగాక, ఇనుమును ఒంటికి పట్టనీయక అడ్డగించు ఫైటేట్లు మొలకెత్తుటవలన తగ్గును. బరోడా విశ్వవిద్యాలయమున తారా గోపాల్‌దాస్ మొదలగువారు 1980 ప్రాంతపు దశకమున ఈ మొలకపిండిని గూర్చి విశేషముగా పరిశోధించి, పసిపిల్లల ఆహారమున దాని ఉపయోగమును వెల్లడించిరి.

తయారుచేయు విధానము

1. ముందుగా మొలకశాతము పరీక్షింపుడు. విత్తనములకు మీరు చేయు పరీక్షయే ఇది. తడిగుడ్డలో నూరు గింజలు చుట్టి ఉంచుడు. ఎనుబదికి తక్కువ మొలచినచో ఆ గింజ మొలకపిండికి తగదు. చచ్చిన గింజ నీటిలో నాని కుళ్ళి, బూజుపట్టును.

2. ఒక కిలో రాగులను రాళ్ళు, మట్టి లేకుండ చెరిగి, మూడు నాలుగు నీళ్ళలో కడుగుడు. పైకి తేలిన తాలు గింజలను పారవేయుడు. పది పండ్రెండు గంటలు మంచినీటిలో నానబెట్టుడు. నడుమ ఒకసారి నీరు మార్చుట మంచిది.

3. నీరు వడగట్టి, శుభ్రమైన పలుచని గుడ్డలో మూటకట్టి నీడలో వ్రేలాడదీయుడు. ఆరినప్పుడు నీరు చిలకరింపుడు. ఒక పగలు, ఒక రాత్రి గడచుసరికి తెల్లని మొలకలు కనబడును. చలికాలమున మరికొంత సమయము పట్టవచ్చును. మొలకలు గింజ పొడవునకు మించి పెరుగనీయరాదు.

4. పావుకిలో పెసలను విడిగా ఎనిమిది గంటలు నానబెట్టి, అదే విధముగా మొలకెత్తింపుడు.

5. రెండింటిని శుభ్రమైన గుడ్డపై పలుచగా పరచి బాగుగా ఎండబెట్టుడు. ఎండిన మొలకలను అరచేతులతో నలిపి చెరుగుడు.

6. సన్నని సెగపై కమ్మని వాసన వచ్చువరకు మాత్రమే వేయింపుడు. మాడ్చినచో అమైలేజు నశించి, పడిన శ్రమ వృథాయగును. పెసలను మాత్రము కొంచెము ఎక్కువగా వేయించి పొట్టు తీయవచ్చును.

7. మెత్తగా విసరించి, జల్లించి, తడిలేని మూతగట్టి డబ్బాలో పోయుడు. పదునైదు దినములకు సరిపడునంతయే ఒకసారికి చేసికొనుట మంచిది. పురుగు, బూజు, ముక్కవాసన కనబడినచో బిడ్డకు పెట్టరాదు.

కొర్రబియ్యము, సామబియ్యము మొదలగు పొట్టుతీసిన చిరుధాన్యములు మొలవవు; మరలో వాని అంకురము దెబ్బతినును. వానిని వేయించి పిండి చేసి వాడుకొని, ఉడికిన జావలో ఒక చెంచా రాగి మొలకపిండిని కలుపుకొనవచ్చును. అట్లు కలుపునప్పుడు జావను దించి, కొంచెము వేడి తగ్గిన పిమ్మట మొలకపిండి వేసి కలియబెట్టుడు. కొద్ది నిమిషములలో జావ పలుచబడును. పిమ్మట మరల ఒకసారి పొంగు వచ్చువరకు కాచి, చల్లార్చి పెట్టుడు. మరల కాచుట మరువరాదు. మొలకెత్తించునప్పుడు చేరిన సూక్ష్మజీవులు అప్పుడే నశించును.

జావ కాచునప్పుడు రెండు పెద్ద చెంచాల పిండిని చల్లని నీటిలో ఉండలు లేకుండ కలిపి, సన్నని సెగపై కలుపుచు ఏడెనిమిది నిమిషములు ఉడికింపుడు. దించిన పిమ్మట ఒక చిన్న చెంచా నెయ్యిగాని నూనెగాని వేయుడు. చెంచాతో తీసినప్పుడు కారిపోక చెంచాపై నిలుచునట్టి చిక్కదనము ఉండవలెను. తీపి కావలెనన్నచో బాగుగా మాగిన అరటిపండు సగము మెత్తగా మెదిపి కలుపుడు. సపోటా, ఉడికించిన చిలగడదుంప, గుమ్మడి కూడ ఇట్లే ఉపయోగపడును. పండులో తీపితోపాటు పీచు, విటమినులు కూడ బిడ్డకు చేరును. సంవత్సరము నిండువరకు ఉప్పు చేర్చనక్కరలేదు.

విత్తన గింజ, తినుగింజ వేరు

రైతు ఇంటిలో ప్రత్యేకముగా జ్ఞాపకముంచుకొనవలసిన హెచ్చరిక ఇది. విత్తుటకు తెచ్చిన సంచిలో మిగిలిన గింజలను మొలకపిండికి ఎన్నడును వాడరాదు. విత్తనములకు థైరమ్, కార్బండజిమ్, ఇమిడాక్లోప్రిడ్ వంటి మందులు పట్టించియుందురు. ఎఱ్ఱరంగో, నీలిరంగో కనబడుట దానికి గుర్తు. రంగు పోవునంతవరకు కడిగినను మందు పోదు. మొలకశాతము బాగున్నదని ఆ గింజనే వాడు ప్రమాదము కలదు గనుక, ఇంటిలోని ఆడవారికి ఈ సంగతి ముందే తెలుపుడు. విత్తన సంచిని వంటింటి దరిదాపులలో ఉంచవద్దు.

అట్లే ధాన్యము నిలువచేయుటకు వాడు అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్ళలు మనుష్యులు నిద్రించు ఇంటిలో ఉండరాదు. వానినుండి వెలువడు వాయువు ప్రాణాంతకము. బిడ్డ కొరకు ఉంచు రాగులకు ఈ బిళ్ళలతో పనిలేదు. బాగుగా ఎండబెట్టి, తేమ నూటికి 12 పాళ్ళకు మించకుండ చూచి, మూతగట్టి పాత్రలో ఉంచినచో రాగులు చాలకాలము చెడక నిలుచును.

పిండిలో వేరుశనగ కలుపువారు గింజలను ఒక్కొక్కటిగా చూచి ఏరవలెను. ముడుచుకొన్నవి, రంగు మారినవి, బూజు తగిలినవి తీసివేయవలెను. బూజువలన పుట్టు అఫ్లాటాక్సిన్ అను విషము వేయించినంత మాత్రమున పూర్తిగా పోదు.

ఒక బిడ్డకు ఎంత నేల?

దినమునకు 50 గ్రాముల రాగుల చొప్పున లెక్కించినను ఒక సంవత్సరమునకు కావలసినది సుమారు 18 కిలోలు. వర్షాధారమున ఎకరమునకు ఆరు క్వింటాళ్ళు మాత్రమే పండినను అయిదు సెంట్ల నేలలో 30 కిలోలు వచ్చును. వరి, పత్తి, మిరప వేయు రైతు కూడ ఒక మూలన అయిదు సెంట్లు విడుచుట కష్టము కాదు. విజయనగరము పరిశోధనా స్థానమునుండి వచ్చిన శ్రీచైతన్య, వేగవతి వంటి రకములు రైతులకు పరిచితములే. ఈ చిన్న మడిని ఇంటి గింజ కొరకే ప్రత్యేకించి, కోతకు ముందు పురుగుమందులు చల్లక, కళ్ళములో విడిగా నూర్చి, విడిగా నిలువచేయుడు. అమ్మకపు బస్తాలో కలిపినచో తరువాత అది ఇంటికి మిగులదు.

పెట్టె కొనవలసివచ్చినచో

ఊడ్పులు, కోతలు ముమ్మరముగా ఉన్నప్పుడు ఇంటిలో పిండి చేసికొను తీరిక లేకపోవచ్చును. పెట్టె పిండి కొనుట తప్పు కాదు. చూడక కొనుట తప్పు. ఎరువుల బస్తా మీద నత్రజని శాతము చూడక కొనని రైతు, బిడ్డ తిండి పెట్టె మీద అంకెలు చూడక ఏల కొనవలెను?

పెట్టె ముందువైపు బొమ్మను, గొప్ప మాటలను విడిచి, వెనుకవైపు చదువుడు. అచట వాడిన పదార్థముల జాబితా ఉండును. బరువులో అన్నిటికంటె ఎక్కువగా ఉన్నది మొదట, తక్కువగా ఉన్నది చివర వ్రాయుట నియమము. మొదటి మూడు పేర్లలో చక్కెర కనబడినచో ఆ పెట్టెను వెనుకకు ఇచ్చివేయుడు. చక్కెరకు మారుపేర్లు పెక్కు కలవు: సుగర్, సుక్రోజ్, గ్లూకోజ్ సిరప్, డెక్స్ట్రోజ్, ఫ్రక్టోజ్, హనీ, జాగరీ, మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్. మాల్టోడెక్స్ట్రిన్ అనునది కూడ త్వరగా గ్లూకోజుగా మారు పిండిపదార్థమే. ఇట్టి పేర్లు రెండు మూడు ఒకే జాబితాలో ఉన్నచో, విడివిడిగా చిన్నవిగా కనబడినను కలిపి చూచిన ఎక్కువే యగును.

తరువాత పోషక విలువల పట్టిక చూడుడు. అందులో మొత్తము చక్కెరలు, చేర్చిన చక్కెరలు అని రెండు వరుసలు ఉండవచ్చును. పాలపొడి కలిసిన పిండిలో పాలకు సహజమైన చక్కెర ఉండును; దానికి భయపడనక్కరలేదు. చూడవలసినది చేర్చిన చక్కెరల అంకె. అది సున్నగా ఉన్నదే ఉత్తమము. ఉదాహరణకు నూరు గ్రాములకు చేర్చిన చక్కెర 24 గ్రాములని ఉన్నదనుకొనుడు. బిడ్డకు ఒకసారి 25 గ్రాముల పిండి పెట్టినచో అందులో 6 గ్రాముల చక్కెర పోవును. అది ఒక చిన్న చెంచాకు పైమాటే. దినమునకు రెండుసార్లు పెట్టినచో మూడు చెంచాలు. బిడ్డ చేతికి ఎవరైన మూడు చెంచాల పంచదార ఇచ్చినచో ఊరకుందుమా?

ఈ జాగ్రత్త ఊరక చెప్పుచున్నది కాదు. 2024 ఏప్రిల్‌లో స్విట్జర్లాండు దేశపు సంస్థ ఒకటి జరిపిన పరిశీలనలో, ఒక పెద్ద కంపెనీ భారతదేశమున అమ్ముచున్న పసిపిల్లల ధాన్యపు పిండిలో ఒక పూట పరిమాణమునకు సగటున మూడు గ్రాములకు కొంచెము తక్కువగా చేర్చిన చక్కెర ఉన్నదనియు, అదే రకపు పిండిని కొన్ని ఐరోపా దేశములలో చక్కెర లేకుండ అమ్ముచున్నారనియు బయటపడినది. విమర్శలు వచ్చిన పిమ్మట ఆ సంవత్సరమే ఆ కంపెనీ శుద్ధిచేసిన చక్కెర లేని రకములను మన దేశమున ప్రకటించినది. కొనువారు వెనుకవైపు చదువుట మొదలుపెట్టినచో అమ్మువారు మారుదురనుటకు ఇది నిదర్శనము. పాత రకములు, కొత్త రకములు ఒకే అంగడిలో ప్రక్కప్రక్కన ఉండవచ్చును గనుక ప్రతిసారియు చదివియే కొనుడు.

రెండేండ్లలోపు పిల్లల ఆహారమును గూర్చి వ్యాపార ప్రకటనలు చేయుటను మన దేశమున 1992 నాటి చట్టము, దానికి 2003లో వచ్చిన సవరణ నిషేధించుచున్నవి. పెట్టెపై బిడ్డ బొమ్మగాని, తల్లి బొమ్మగాని వేయరాదు. అట్టి బొమ్మలున్న పిండిని కొనక, విడిచిపెట్టుట మేలు. పెద్దలు పాలలో వేసికొను మొక్కజొన్న అటుకులు, చాక్లెట్ అటుకులు, బలపు పొడులు పసిబిడ్డల కొరకు చేసినవి కావు. వానిలో చక్కెర, ఉప్పు ఎక్కువ. బిస్కట్లను టీలో ముంచి తినిపించు అలవాటును పూర్తిగా మానవలెను. టీ ఇనుమును ఒంటికి పట్టనీయదు.

అంగన్‌వాడీలో ఇచ్చు బాలామృతములో గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనెతోపాటు చక్కెర కూడ కలిసియున్నది. కావున దానికి మరల చక్కెరగాని బెల్లముగాని చేర్చవద్దు. దానిని విడిచిపెట్టనవసరము లేదు; ఒక పూట దానిని, మరియొక పూట ఇంటి రాగిపిండి జావను పెట్టినచో రెండింటి ప్రయోజనమును కలుగును.

పెట్టు పద్ధతి

మొదట రెండు మూడు పెద్ద చెంచాలతో ఆరంభించి, ఆరు మొదలు ఎనిమిది నెలల వయస్సులో దినమునకు రెండు మూడుసార్లు, క్రమముగా అరకప్పు వరకు పెట్టుడు. తొమ్మిది నెలలు దాటిన పిమ్మట మూడు నాలుగుసార్లు పెట్టవలెను. కొత్త పదార్థమును ఒక్కొక్కటిగా మొదలుపెట్టి, మూడు దినములు చూచి, దద్దురుగాని విరేచనములుగాని లేనిచో మరియొకటి చేర్చుడు.

బిడ్డ మొదటిసారి ఉమ్మివేసినంత మాత్రమున “దీనికి తీపి లేనిదే దిగదు” అని తీర్మానింపరాదు. కొత్త రుచి నచ్చుటకు ఎనిమిది పది పర్యాయములు పట్టవచ్చును. నాయనమ్మలు, అమ్మమ్మలు ప్రేమకొలది చిటికెడు పంచదార కలుపుచుందురు. వారితో వాదులాడుట కంటె, అరటిపండు మెదిపి కలుపు పనిని వారికే అప్పగించినచో బిడ్డకు రుచియు, వారికి తృప్తియు కలుగును.

పాలసీసాలో జావ పోసి పట్టరాదు. గిన్నె, చెంచా వాడుడు. చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. పొలములో మందు చల్లి వచ్చినవారు స్నానము చేసి, బట్టలు మార్చుకొనిగాని బిడ్డను ఎత్తుకొనరాదు. వండిన జావను రెండు గంటలలోపు పెట్టివేయుడు. ఉదయము వండినది మధ్యాహ్నమునకు దాచరాదు.

జావ ఒక్కటే చాలదని కూడ గుర్తింపవలెను. ఇనుము లోటు ధాన్యముతో మాత్రమే తీరదు. మెత్తగా మెదిపిన గ్రుడ్డు, ముల్లు లేని చేప, మెత్తగా నూరిన మాంసము తినువారు అవి ఆరు నెలలనుండియే పెట్టవచ్చును. తినని వారు పప్పులో ఆకుకూర మెదిపి, నాలుగు చుక్కల నిమ్మరసము పిండుడు. నిమ్మలోని విటమిన్ సి ఇనుమును ఒంటికి పట్టించును. ఆరు నెలలు దాటిన పిల్లలకు ప్రభుత్వము వారు వారమునకు రెండుసార్లు ఇచ్చు ఇనుము సిరపును ఆశా కార్యకర్తనడిగి తప్పక వేయించుడు.

పైరును వారము వారము చూచివచ్చునట్లు, బిడ్డను నెల నెల అంగన్‌వాడీలో తూచి కార్డుపై గుర్తు పెట్టించుడు. గీత పైకి పోవుచున్నచో మంచిదే. రెండు నెలలు వరుసగా నిలిచిపోయినను, దిగజారినను ఆలస్యము చేయక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోవలెను.

జ్ఞాపకముంచుకొనదగినవి

ఆరు నెలలు నిండిన వెంటనే తల్లిపాలకు తోడుగా చిక్కని జావ మొదలుపెట్టుడు. నాలుగు పాళ్ళ రాగులు, ఒక పాలు పెసలు మొలకెత్తించి పిండి చేయుడు. రెండేండ్లవరకు చక్కెర, బెల్లము కలుపవద్దు. సంవత్సరమువరకు తేనె చుక్క కూడ వద్దు. మందు పట్టించిన విత్తనమును వంటింటికి రానీయవద్దు. పెట్టె కొన్నచో వెనుకవైపు చదివి, చేర్చిన చక్కెర సున్న ఉన్నదానిని ఎన్నుకొనుడు.

వచ్చే పంటకాలమునకు మీ ఇంటిలో ఆరు నెలలు నిండబోవు బిడ్డ ఉన్నచో, అయిదు సెంట్ల రాగి మడిని ఇప్పుడే లెక్కలో వేసికొనుడు.